జాతీయ పోటీ ఆగిన ఏళ్లలోనూ ఆగని వోల్టా: 1939–1960 మధ్య కాటలోనియా సైకిల్ పోటీ

స్పెయిన్ దేశపు అతి పెద్ద సైకిల్ పోటీ అయిన వుయెల్టా విజేతల పట్టికను వరుసగా చదువుకుంటూ పోతే, 1950 దగ్గర ఎమిలియో రోద్రీగెస్ పేరు కనిపించాక తర్వాతి పేరు 1955లో గానీ రాదు. మధ్య నాలుగేళ్లు ఆ పోటీ జరగనే లేదు. అంతకు ముందు 1943, 1944లలోనూ, మళ్లీ 1949లోనూ ఇదే ఖాళీ. అదే కాలానికి స్పెయిన్ ఈశాన్య మూలనున్న కాటలోనియా ప్రాంతంలో జరిగే వోల్టా పట్టికను పక్కన పెట్టి చూస్తే ఒక్క ఏడు కూడా తప్పిపోలేదు. అంతర్యుద్ధం ముగిసిన 1939లో తిరిగి మొదలైన ఈ పోటీ 2019 వరకు ఏటా జరుగుతూనే వచ్చింది. దేశం మొత్తాన్ని చుట్టే పోటీకి పదేపదే ఊపిరి ఆగిపోయిన రోజుల్లో, ఒక ప్రాంతాన్ని మాత్రమే చుట్టే పోటీ ఎలా నిలబడింది, స్పానిష్ సైక్లింగును అది ఎంతవరకు నిలబెట్టింది అన్నది జాగ్రత్తగా పరిశీలించదగిన విషయం. సాధారణంగా ఆ కాలపు స్పానిష్ సైక్లింగ్ చరిత్రను వుయెల్టా చుట్టూ, టూర్ ద ఫ్రాన్స్ చుట్టూ చెప్పడం అలవాటు. ఆ అలవాటు వల్ల అసలు బరువు మోసిన పోటీ కథలో అంచుకు జరిగిపోయింది.

వోల్టా అంటే కాటలాన్ భాషలో చుట్టు, తిరిగి రావడం. స్పానిష్ వారి వుయెల్టా, ఇటలీ వారి జీరో (Giro), ఫ్రెంచి వారి టూర్ అన్నీ ఆ అర్థంలోనివే. తెలుగులో ప్రదక్షిణ అన్న మాట దీనికి చాలా దగ్గరగా వస్తుంది. బార్సెలోనాలో బయలుదేరి, ప్రాంతమంతా తిరిగి, మళ్లీ బార్సెలోనాకే చేరుకోవడం మొదట్లో ఈ పోటీ నడక. 1911 జనవరిలో జరిగిన మొదటి పోటీ మూడే అంచెలు. బార్సెలోనా నుంచి తరగోనాకు, అక్కడి నుంచి లైదాకు, లైదా నుంచి తిరిగి బార్సెలోనాకు. తరగోనాకు చెందిన సెబాస్తియా మస్దేవు గెలిచాడు. అంచెల వారీగా రోజుల తరబడి సాగే సైకిల్ పోటీల్లో 1903 నాటి టూర్ ద ఫ్రాన్స్, 1908 నాటి బెల్జియం పోటీ, 1909 నాటి ఇటలీ జీరో తర్వాత ఇంత పాతది ఇదే. జాతీయ పోటీ అయిన వుయెల్టా పుట్టింది 1935లో. అంటే దేశపు పోటీ కన్నా ప్రాంతపు పోటీ వయసులో ఇరవై నాలుగేళ్లు పెద్దది. ఈ తేడాను గుర్తు పెట్టుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

మొదట్లో ముందుండి నడిపించింది ముండో దెపోర్తీవో అనే బార్సెలోనా క్రీడా పత్రిక. 1920ల చివరి నాటికి నిర్వహణ బాధ్యత ఉనియో ఎస్పోర్తీవా దె సాంట్స్ అనే క్లబ్బు చేతికి వచ్చింది. సాంట్స్ ఒకప్పుడు విడి ఊరు. 1897లో బార్సెలోనా నగరంలో కలిసింది. పెద్ద నూలు మిల్లు, దాని చుట్టూ కార్మికుల ఇళ్లు, ఇరుకు వీధులు, అదీ ఆ పేట. 1922లో ఏర్పడిన ఆ క్లబ్బుకు ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. ఒక పేట క్లబ్బు తన భుజాల మీద అంతర్జాతీయ స్థాయి పోటీని దశాబ్దాల పాటు మోసిందన్న సంగతిని చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తుంటారు. ఈ పోటీ మనుగడకు అసలు కారణాన్ని వెతకవలసింది మాత్రం ఆ వాక్యంలోనే.

అంచెల పోటీ ఎలా నడుస్తుందో తెలియని పాఠకుడి కోసం ఒక్క మాట. రోజుకో అంచె ఉంటుంది, ప్రతి అంచెకూ ఒక విజేత ఉంటాడు. కానీ చివరికి పోటీని గెలిచేది అన్ని అంచెల్లో పట్టిన సమయాన్ని కూడితే ఎవరిది తక్కువో అతను. ఒక్క అంచె కూడా ముందుగా ముగించని వ్యక్తి మొత్తం మీద విజేత కావచ్చు. ఏడు అంచెలు అద్భుతంగా తొక్కి, ఎనిమిదో రోజు ఘాట్ రోడ్డులో టైరు పంక్చరై పది నిమిషాలు పోగొట్టుకున్న వ్యక్తి అంతా పోగొట్టుకోవచ్చు. అందుకే ఇది బలానికి ఎంత పరీక్షో ఓర్పుకూ అంతే పరీక్ష. మొన్నటి అలసటను నిన్న దాచుకున్నవాడికి ఈ రోజు కాళ్లు మాట వింటాయి.

నిర్వహించేవారి వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది. ప్రతి అంచె ముగిసే చోట ఆటగాళ్లకు, జట్టు సహాయకులకు, విలేఖరులకు, సమయం లెక్కించేవారికి ఆ రాత్రికి బస, భోజనం ఏర్పాటు కావాలి. మర్నాడు బయలుదేరే చోటు కూడా అదే అయితే రవాణా ఖర్చు ఉండదు. కాటలోనియా వైశాల్యం సుమారు 32 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో మూడో వంతు కూడా ఉండదు. ఆ విస్తీర్ణంలోనే ఉత్తరాన పిరనీస్ పర్వతాలు, తూర్పున మధ్యధరా తీరం, పశ్చిమాన లైదా మైదానం, దక్షిణాన ఏబ్రో నది డెల్టా ఉన్నాయి. బార్సెలోనా నుంచి జిరోనా, తరగోనా చెరో వంద కిలోమీటర్ల దూరంలో, లైదా నూట అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే చెప్పుకోదగ్గ ఊరి నుంచి చెప్పుకోదగ్గ ఊరికి సైకిలు మీద ఒక్క పగటి ప్రయాణం. మాడ్రిడ్ చుట్టూ ఉన్న పీఠభూమిలో ఈ సౌలభ్యం లేదు. అక్కడ ఊళ్ల మధ్య దూరం ఎక్కువ, జనం పలచన. మాడ్రిడ్ నుంచి బార్సెలోనాకే ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. దేశమంతా చుట్టాలంటే దారి పొడవునా వాహనాలు, పెట్రోలు, వారాల తరబడి బసలు కావాలి. ఆకలి రోజుల్లో అవి దొరకవు, దొరికినా వాటికి డబ్బు ఉండదు.

వుయెల్టా కష్టాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి. 1935, 1936లలో దాన్ని నడిపింది ఇన్‌ఫర్మాసియోనెస్ అనే మాడ్రిడ్ పత్రిక. యుద్ధం తర్వాత 1941, 1942లలో నియంత ఫ్రాంకో ప్రభుత్వపు కార్మిక వినోద సంస్థ నడిపింది. 1945 నుంచి 1950 వరకు యా అనే మరో మాడ్రిడ్ పత్రిక చేతిలో ఉంది. 1955లో బిల్బావోకు చెందిన పత్రిక చేపట్టాక గానీ అది కుదుటపడలేదు. ఇరవై ఏళ్లలో నలుగురు యజమానులు మారారన్నమాట. 1941 వుయెల్టా సంగతి చూస్తే ఈ ప్రయత్నానికీ శక్తికీ ఉన్న దూరం తెలుస్తుంది. దారి పొడవు 4,400 కిలోమీటర్లకు పైగా. బయలుదేరినవారు 32 మంది. దేశం నిలబడింది, మళ్లీ మామూలు జీవితం మొదలైంది అని ప్రపంచానికి చూపించాలన్న రాజకీయ ఆకాంక్ష ఆ 4,400 కిలోమీటర్లలో ఉంది. దేశం నిజంగా ఏ స్థితిలో ఉందో ఆ 32 అన్న అంకె చెబుతుంది.

ఆ స్థితి ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. 1939 జనవరి 26న బార్సెలోనా ఫ్రాంకో సేనల వశమైంది. ఏప్రిల్ 1న యుద్ధం ముగిసినట్లు ప్రకటించారు. అదే ఏడాది రేషను కార్డులు వచ్చాయి, 1952 వరకు పోలేదు. రొట్టె, నూనె, చక్కెర, పప్పులు అన్నీ కొలిచి ఇచ్చేవారు. కొలిచి ఇచ్చింది చాలక జనం దొంగ బజారు మీద ఆధారపడేవారు. పెట్రోలు లేక కార్లకు బొగ్గు వాయువు పొయ్యిలు బిగించి నడిపారు. ఆ రోజుల్లో సైకిలు అంటే పనికి వెళ్లే సాధనం, దొంగ బజారు పిండి బస్తా మోసే సాధనం కూడా. తర్వాత 1959లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన తొలి స్పెయిన్ దేశస్థుడు ఫెదెరీకో బహామోంతెస్ కుర్రతనంలో తొలేదోలో సైకిలు మీద సరుకులు మోస్తూనే కాళ్లు గట్టి చేసుకున్నాడు. పోటీలో పాల్గొనే ఆటగాడికి రోజుకు ఆరేడు గంటలు తొక్కడానికి తిండి కావాలి. దేశంలో అందరికీ కరువైనది సరిగ్గా అదే.

రబ్బరు కొరత మరో బాధ. పోటీ సైకిలు చక్రానికి వాడే టైరు మామూలు టైరు లాంటిది కాదు. లోపలి ట్యూబు చుట్టూ పల్చని గుడ్డ తొడుగును కుట్టి, దాని మీద రబ్బరు పట్టీ అతికించి, మొత్తాన్ని జిగురుతో రిమ్ముకు అంటిస్తారు. అది పంక్చరైతే దారిలో అతుకు వేసే వీలు ఉండదు. పాతదాన్ని రిమ్ము నుంచి పెరికి, భుజాల మీద ఎనిమిది అంకె ఆకారంలో అడ్డంగా వేసుకున్న కొత్తదాన్ని దింపి, జిగురు మిగిలి ఉన్న రిమ్ము మీదికి బొటనవేళ్లతో ఎక్కించి, పంపుతో గాలి కొట్టుకుని మళ్లీ తొక్కాలి. ఆ లోపల గుంపు కనుచూపు మేర దాటిపోతుంది. రాత్రి బసలో పాడైన టైరు కుట్టు విప్పి, ట్యూబుకు అతుకు వేసి, సూదీ దారంతో మళ్లీ కుట్టుకోవాలి. రబ్బరు దొరకని దేశంలో, కంకర తేలిన రోడ్ల మీద, ప్రతి టైరునూ ఇలా పదే పదే కుట్టుకుంటూ తొక్కిన పోటీల ఫలితాలను ఈనాటి ఫలితాలతో పోల్చడం న్యాయం కాదు. సగటు వేగం పట్టికలు చూసి ఆ తరాన్ని తక్కువ అంచనా వేసేవారు ఈ సూదీ దారాన్ని మరిచిపోతున్నారు.

ఇలాంటి 1939లో వోల్టా తిరిగి మొదలైంది. గెలిచింది మరియానో కన్యార్దో. నవర్రా ప్రాంతంలోని ఓలితెలో 1906లో పుట్టి, బార్సెలోనాను తన ఊరు చేసుకున్న మనిషి. యుద్ధానికి ముందు 1928, 1929, 1930, 1932, 1935, 1936లలో ఆరుసార్లు గెలిచాడు. 1935లో మొట్టమొదటి వుయెల్టాలో రెండో స్థానం ఆయనదే. యుద్ధం వల్ల 1937, 1938లలో పోటీ జరగలేదు. ముప్పై మూడేళ్ల వయసులో ఏడోసారి గెలవడంతో యుద్ధానికి ముందు తెగిన దారం ఆయన చేతుల మీదుగానే మళ్లీ ముడిపడింది. ఆ ఏడు విజయాల రికార్డును ఇప్పటి వరకు ఎవరూ అందుకోలేదు.

అందరికీ ఆ దారం అంత సులువుగా ముడిపడలేదు. మాడ్రిడ్ దగ్గరి పల్లెలో పుట్టిన హూలియాన్ బెర్రెందేరో 1936 టూర్ ద ఫ్రాన్స్‌లో కొండల విభాగం గెలిచాడు. ఆ పోటీ నడుస్తుండగానే స్వదేశంలో యుద్ధం మొదలైంది. ఆయన ఫ్రాన్స్‌లోనే ఉండిపోయి అక్కడే పోటీల్లో పాల్గొన్నాడు. 1939లో తిరిగి రాగానే సరిహద్దులో పట్టుకుని ఏడాదికి పైగా నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. బయటికి వచ్చాక 1941, 1942 వుయెల్టాలు రెండూ గెలిచాడు. వుయెల్టా ఆగిపోయిన 1943లో వోల్టా గెలిచాడు, 1946లో మరోసారి గెలిచాడు. ఆయన జీవితంలో ఉత్తమ సంవత్సరాలు కొన్ని శిబిరంలో పోయాయి. మిగిలిన వాటిలో జాతీయ పోటీ సగం కాలం లేదు. బెర్రెందేరో వంటి ఆటగాడు ముప్పై ఏళ్లు దాటాక కూడా వృత్తిలో నిలబడడానికి ప్రాంతీయ పోటీలు లేకపోతే మరో దారి లేదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

1945 పోటీ వోల్టా చరిత్రలో ఇరవై ఐదవది. గెలిచినవాడు ఇరవై ఏళ్ల కుర్రాడు, ఆగ్నేయ ప్రాంతంలోని ఓరిహువేలాకు చెందిన బెర్నార్దో రూయిస్. ఆ తర్వాత 1948లో వుయెల్టా గెలిచాడు. 1951 టూర్ ద ఫ్రాన్స్‌లో రెండు అంచెలు గెలిచాడు. 1952లో మూడో స్థానంలో నిలిచి, టూర్ వేదిక ఎక్కిన మొట్టమొదటి స్పెయిన్ దేశస్థుడయ్యాడు. ఈ వరుసలో మొదటి మెట్టు వోల్టా. యుద్ధానికి ముందు పేరున్న కన్యార్దో, ఫెదెరీకో ఎస్కెర్రా, బెర్రెందేరోల తరం నుంచి యుద్ధం తర్వాత ఎదిగిన తరానికి చేతులు మారింది ఇక్కడే. రెండు తరాలు ఒకే రోడ్డు మీద తొక్కగలిగాయంటే పోటీ ఏటా జరగడమే కారణం. మధ్యలో నాలుగైదేళ్లు విరామం వచ్చి ఉంటే పాతవాళ్లు రిటైరయ్యేవారు, కొత్తవాళ్లకు తమను కొలుచుకునే గజం దొరికేది కాదు.

బయటి ప్రపంచంతో సంబంధం విషయంలోనూ ఇదే జరిగింది. 1946 మార్చి నుంచి 1948 ఫిబ్రవరి వరకు ఫ్రాన్స్ తన స్పెయిన్ సరిహద్దును మూసివేసింది. ఐక్యరాజ్య సమితి సభ్య దేశాలను మాడ్రిడ్ నుంచి రాయబారులను వెనక్కు పిలవమని కోరింది. అయినా సైక్లింగు పూర్తిగా ఒంటరి కాలేదు. 1947 వుయెల్టా గెలిచింది ఎడ్వర్డ్ వాన్ డైక్ అనే బెల్జియం ఆటగాడు. వోల్టాలో 1940లో లక్సెంబర్గ్‌కు చెందిన క్రిస్టోఫ్ డిడియే గెలిచాక చాలాకాలం స్వదేశీయులే గెలిచారు. సరిహద్దు తెరుచుకున్న మరుసటి ఏడాది, 1949లో, ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ రోల్ గెలిచాడు. 1951లో ఇటలీకి చెందిన ప్రీమో వోల్పి, 1954లో మరో ఇటలీ ఆటగాడు వాల్తెర్ సెరేనా, 1958లో బెల్జియంకు చెందిన రిచర్డ్ వాన్ గెనెక్టెన్ గెలిచారు. స్వదేశీ ఆటగాడు బయటివారితో తనను పోల్చుకోగలిగే చోట్లు ఆ కాలంలో దేశంలో చాలా తక్కువ. ముఖ్యంగా వుయెల్టా లేని 1951–54 మధ్య దేశంలో అంచెల పోటీలన్నిటిలోకీ పెద్దది వోల్టాయే.

విజేతల సొంత ఊళ్లు చూస్తే మరో సంగతి బయటపడుతుంది. 1947, 1948లలో వరుసగా గెలిచిన ఎమిలియో రోద్రీగెస్ వాయవ్య మూలనున్న గలీసియాలోని పొంతెయారెయాస్ వాడు. ఆయన సోదరులు దెలియో, మాన్యువెల్, పాస్తోర్ కూడా పోటీ సైక్లిస్టులే. దెలియో 1945 వుయెల్టా విజేత. 1950లో వోల్టా గెలిచిన అంతోనియో గెలబెర్త్ మజోర్కా ద్వీపానికి చెందినవాడు. 1953, 1959లలో గెలిచిన సాల్వదోర్ బొతెయ్యా వలెన్సియా వైపువాడు. 1955 విజేత హోసే గోమెస్ దెల్ మొరాల్ దక్షిణాన ఉన్న అండలూసియాలోని కాబ్రా ఊరివాడు. పదేళ్ల తర్వాత 1965లో ఆయన తమ్ముడు అంతోనియో కూడా ఇదే పోటీ గెలిచాడు. 1957 విజేత హెసూస్ లొరోన్యో ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతంవాడు. స్థానికులుగా 1956లో తెరాసాకు చెందిన అనిసేత్ ఉత్సెత్, 1952, 1960లలో మిగెల్ పొబ్లెత్ కనిపిస్తారు. పేరు కాటలోనియాది, దారి కాటలోనియాది, నిర్వహణ బార్సెలోనాలోని ఒక పేటది. గెలిచేవారు మాత్రం దేశం నలుమూలల వారు. దేశమంతటి ఆటగాళ్లు ఒక చోట కలిసే వేదికను జాతీయ పోటీ అనాలంటే, ఆ ఏళ్లలో ఆ నిర్వచనానికి సరిపోయేది వోల్టాయే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫ్రాంకో పాలనలో కాటలాన్ భాషకు బడిలో, కార్యాలయంలో, పత్రికలో చోటు లేదు. ఆ ప్రాంతపు జెండా ఎగరవేయడం నేరం. ఆ నేపథ్యంలో ప్రాంతం పేరు పెట్టుకుని ఏటా ప్రాంతమంతా తిరిగే పోటీని ఒక నిశ్శబ్ద ప్రతిఘటనగా చూపించాలని ఇప్పటి కొందరికి అనిపిస్తుంది. ఆధారాలు అంత దూరం రావు. 1941 నుంచి దేశంలోని క్రీడలన్నీ పాలక పార్టీ కిందనున్న జాతీయ క్రీడా విభాగపు అధీనంలో ఉండేవి. అనుమతి లేకుండా నలుగురు గుమిగూడడమే కష్టమైన రోజుల్లో వందల కిలోమీటర్ల రోడ్లు ఖాళీ చేయించి పోటీ నడపాలంటే అధికారుల సహకారం తప్పనిసరి. పోటీ పేరు కూడా స్పానిష్‌లోకి మారి వుయెల్టా అ కతలూన్యా అయింది. మస్దేవును సెబాస్తియాన్ అనీ, పొబ్లెత్‌ను మిగెల్ అనీ రాశారు. ఇంట్లో మికెల్ అని పిలిచే మనిషి, పత్రికలో, ఫలితాల పట్టికలో, విదేశీ పోటీల్లో కూడా మిగెల్‌గానే మిగిలాడు. ఇప్పటికీ చాలా పట్టికల్లో ఆయన పేరు అలాగే ఉంది. అందువల్ల ఈ పోటీ పాలకులను ఎదిరించిందనడం అతిశయోక్తి. ప్రాంతం తనను తాను ఏటా ఒకసారి చివరి నుంచి చివరికి చూసుకునే అవకాశాన్ని మాత్రం ఇది నిలిపింది. పల్లె రోడ్డు పక్కన నిలబడ్డవారి కళ్ల ముందు నుంచి సైకిళ్ల గుంపు అర నిమిషంలో దాటిపోతుంది. ఆ అర నిమిషం కోసం వాళ్లు గంటల తరబడి నిలబడేవారంటే, వారికి అది ఏమై ఉండేదో తేలిగ్గా తీసుకోకూడదు.

మిగెల్ పొబ్లెత్ గురించి విడిగా చెప్పుకోవాలి. 1928లో బార్సెలోనాను ఆనుకుని ఉన్న మొంకాదా ఇ రెయ్‌షాక్‌లో పుట్టాడు. స్పెయిన్ ఆటగాళ్లు అంటే కొండలు ఎక్కేవాళ్లు అనే పేరు యూరప్‌లో స్థిరపడిన కాలంలో, ఈయన ముగింపు గీత ముందు మెరుపులా దూసుకెళ్లే స్ప్రింటరు. 1952లో మొదటిసారి వోల్టా గెలిచేటప్పటికి వయసు ఇరవై నాలుగు. ఆ ఏడు దేశంలో వుయెల్టా లేదు. 1955 టూర్ ద ఫ్రాన్స్ మొదటి రోజున ల హావ్ర్ నుంచి దియెప్ వరకు సాగిన అంచెను గెలిచి, మొత్తం సమయంలో ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీ వేసుకున్న మొట్టమొదటి స్పెయిన్ దేశస్థుడయ్యాడు. అదే టూర్‌లో ప్యారిస్‌లో ముగిసిన చివరి అంచె కూడా ఆయనదే. 1956లో టూర్, జీరో, వుయెల్టా మూడింటిలోనూ అంచెలు గెలిచాడు. ఒకే ఏడాదిలో మూడు మహా పోటీల్లోనూ అంచెలు గెలిచిన మొదటి మనిషి ప్రపంచంలోనే ఆయన. 1957లోనూ 1959లోనూ ఇటలీలోని మిలాన్–సాన్ రెమో పోటీ గెలిచాడు. జీరోలో మొత్తం ఇరవై అంచెలు ఆయన ఖాతాలో ఉన్నాయి. ఇగ్నిస్ అనే ఇటలీ గృహోపకరణాల కంపెనీ ఆయన జట్టును పోషించింది.

ఇంతటి స్ప్రింటరు ఒక అంచెల పోటీని మొత్తం మీద రెండుసార్లు గెలవడం వోల్టా స్వభావం గురించి కూడా కొంత చెబుతుంది. పిరనీస్‌లో బొనైగ్వా లాంటి కనుమలు రెండు వేల మీటర్లు దాటి ఉంటాయి. తీరం వెంట సాగే రోడ్లు మాత్రం చిన్న మెట్టలతో, వంపులతో, ఎదురుగాలితో సాగుతాయి. రెండు రకాల దారినీ కలిపి ఆ ఏటి దారి గీస్తే ఒక ఏడు కొండలెక్కేవాడికి, మరో ఏడు వేగం ఉన్నవాడికి అవకాశం వస్తుంది. 1942లో గెలిచిన ఫెదెరీకో ఎస్కెర్రా, 1957లో గెలిచిన లొరోన్యో కొండల్లో ఆరితేరినవారు. పొబ్లెత్ అందుకు భిన్నం. ఒక రకం ఆటగాడికే రాసిపెట్టినట్టు ఉండకపోవడం వల్ల ప్రతి ఏడూ ఫలితం గురించి చర్చకు చోటుండేది. పత్రికలు బతికేది ఆ చర్చ మీదే.

పోటీ జరిగే నెల కూడా దీనికి కలిసివచ్చింది. 1950లలో వోల్టా సెప్టెంబరులో జరిగేది. టూర్ ద ఫ్రాన్స్ జులైలో అయిపోతుంది. ఆ కాలంలో టూర్‌లో దేశాల వారీగా జట్లు ఉండేవి. స్వదేశంలో కంపెనీల జెర్సీలు వేసుకుని ఒకరితో ఒకరు తలపడేవాళ్లు జులైలో ఒకే జట్టుగా తొక్కి, సెప్టెంబరులో మళ్లీ ప్రత్యర్థులయ్యేవారు. ఫ్రాన్స్ నుంచి పేరుతో తిరిగి వచ్చినవాణ్ని ఊరి కుర్రాడు తన ఊరి దగ్గరి ఘాట్ రోడ్డులో వెంటాడగలిగేది ఆ నెలలోనే. అమెచ్యూరుకూ వృత్తి ఆటగాడికీ నడుమ స్వతంత్రులు అనే తరగతి ఆ రోజుల్లో ఉండేది. జీతం లేకపోయినా వృత్తి ఆటగాళ్ల సరసన తొక్కే అర్హత ఉన్నవారికి ఇలాంటి పోటీయే ఉద్యోగపు ఇంటర్వ్యూ లాంటిది.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదన్న ప్రశ్న మిగిలి ఉంది. బాస్క్ ప్రాంతంలోని ఎయ్‌బార్ పట్టణం తుపాకుల తయారీకి ప్రసిద్ధి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో తుపాకుల గిరాకీ పడిపోయాక బీహెచ్, ఓర్బేయా, గాక్ వంటి కర్మాగారాలు గొట్టాలు చేసే నేర్పును సైకిలు ఫ్రేముల వైపు మళ్లించాయి. ఈ కంపెనీల జెర్సీలు 1940లలో పోటీల నిండా కనిపించేవి. వాటి కొనుగోలుదారులు పనికి సైకిలు మీద వెళ్లే మామూలు జనం కనుక, రోడ్డు పోటీయే అసలైన ప్రకటన. 1950ల రెండో సగంలో సైకిలుతో సంబంధం లేని కంపెనీలు రావడం మొదలైంది. ఫాయెమా అనే కాఫీ యంత్రాల కంపెనీ, కాస్ అనే శీతల పానీయాల కంపెనీ అందులో ప్రముఖమైనవి. ఇది చిన్న మార్పు కాదు. దేశం సైకిలు నుంచి స్కూటరుకూ చిన్న కారుకూ మారుతున్న గుర్తు అది. సైకిలు అమ్మే అవసరం తగ్గుతున్న కొద్దీ పోటీలు ఇతర సరుకుల ప్రకటనల మీద ఆధారపడసాగాయి.

వోల్టా ఒక్కటే ఇలా నిలిచిందనడం మిగతా ప్రాంతాలకు అన్యాయం. 1925లో మొదలైన అస్తూరియాస్ పోటీ, 1929లో మొదలైన వలెన్సియా వైపు లెవాంతె పోటీ, 1939లో మొదలైన అరగోన్ పోటీ, 1946 నాటి బుర్గోస్ పోటీ ఇదే అల్లికలో పోగులు. కానీ వీటిలో చాలావాటికి దీర్ఘ విరామాలు ఉన్నాయి. అండలూసియా పోటీ 1925లో ఒకసారి జరిగి, మళ్లీ 1955లో గానీ జరగలేదు. సైక్లింగు పిచ్చికి పేరుపడ్డ బాస్క్ ప్రాంతపు పోటీయే 1935 తర్వాత 1969 వరకు లేదు. సంప్రదాయం, అభిమానం, పరిశ్రమ మూడూ ఉన్న బాస్క్ ప్రాంతంలోనే ముప్పై నాలుగేళ్ల ఖాళీ ఉందంటే, కేవలం అభిమానం పోటీని నిలబెట్టదని తేలుతుంది. ఏటా ఉత్తరాలు రాసి, పురపాలక సంఘాలను ఒప్పించి, కూడళ్ల దగ్గర మనుషులను నిలబెట్టే సంస్థ ఒకటి ఉండాలి. సాంట్స్ క్లబ్బు చేసింది ఆ పని. పత్రిక యజమాని మారితే, పెట్టుబడి లాభం ఇవ్వకపోతే వుయెల్టా ఆగిపోయేది. క్లబ్బుకు లాభం లెక్క లేదు, వార్షిక పోటీ దాని ఉనికిలోనే భాగం.

1955లో వుయెల్టా తిరిగి వచ్చి స్థిరపడ్డాక రెండు పోటీలూ పక్కపక్కన సాగాయి. వుయెల్టా వసంతంలో, వోల్టా సెప్టెంబరులో. 1957లో లొరోన్యో ఒకే ఏడాది రెండూ గెలిచాడు. అదే 1957 జులైలో టూర్ ద ఫ్రాన్స్ బార్సెలోనాకు వచ్చింది. మోంజుయిక్ కొండ మీద ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో గెలిచిన ఇరవై మూడేళ్ల ఫ్రాన్స్ ఆటగాడు జాక్ ఆంక్తిల్ ఆ ఏడు టూర్ కూడా గెలిచాడు. పదేళ్ల తర్వాత 1967లో అతనే, ఐదు టూర్‌ల విజేతగా వచ్చి, వోల్టా గెలిచాడు. 1968లో బెల్జియంకు చెందిన ఎడ్డీ మెర్క్స్ గెలిచాడు. 1939లో పాత టైర్లు కుట్టుకుంటూ మొదలుపెట్టిన పోటీకి ముప్పై ఏళ్లు తిరిగేసరికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటగాళ్లు వచ్చారు.

1995లో అంతర్జాతీయ క్యాలెండరు మారింది. వుయెల్టాను వసంతం నుంచి సెప్టెంబరుకు జరిపారు. ఆ చోటు ఖాళీ చేయవలసి వచ్చింది వోల్టా. దశాబ్దాలుగా తనదిగా ఉన్న నెలను వదులుకుని అది జూనుకు జరిగింది, తర్వాత మేకు, 2010 నుంచి మార్చికి.